రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన తర్వాత టీవీలోనూ ఫోనులోనూ వచ్చే భయపెట్టే వార్తలను ఎలా తట్టుకోవాలి?

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. నా వయస్సు 47 సంవత్సరాలు. ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఈ మధ్యనే కుడి రొమ్ములో గడ్డ చేతికి తగిలితే పరీక్షలు చేయించుకున్నాను, క్యాన్సర్ అని తేలింది. ఇది రెండవ దశ అనీ, ముందుగా కీమోథెరపీ ఇచ్చి గడ్డను కుదించిన తర్వాత ఆపరేషన్ చేస్తామనీ, చికిత్సకు లొంగే అవకాశాలు బాగానే ఉన్నాయనీ డాక్టరు గారు ఓపికగా వివరించారు. ఆసుపత్రిలో ఆ మాటలు వింటున్నంతసేపూ ధైర్యంగానే ఉంటుంది. ఇంటికి వచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆ ధైర్యం నిలవడం లేదు.

మన దేశంలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరు చనిపోతున్నారని ఒక ఛానల్‌లో ఎర్రటి అక్షరాలతో చూపించారు. సూది పరీక్ష (బయాప్సీ) చేయించుకుంటే గడ్డ కదిలి ఒళ్ళంతా పాకుతుందని చెప్పే వీడియోను మా తోటికోడలు పంపించింది. అప్పటికే నాకు ఆ పరీక్ష జరిగిపోయింది. ఒక ప్రముఖురాలికి ఏడేళ్ళ తర్వాత వ్యాధి తిరగబెట్టిందన్న వార్త చదివిన రాత్రి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. వీటన్నిటికీ తోడు నా బయాప్సీ రిపోర్టులో "గ్రేడ్ 3" అని ఉన్నది. మూడవ దశ అంటే బతకడం కష్టమని టీవీలో విన్నప్పటి నుంచి, డాక్టరు గారు నాకు రెండవ దశ అని చెప్పింది కేవలం ధైర్యం కోసమేనేమో అన్న అనుమానం పట్టుకుంది.

అసలు వార్తలేవీ చూడవద్దని మా వారు అంటారు. ఆయన మాత్రం వరండాలోకి వెళ్ళి అవే చూస్తూ కూర్చుంటారు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కూడా ఇది వంశపారంపర్యమని చెప్పే రీల్స్ చూసి మౌనంగా ఉండిపోతున్నది. ఏమీ తెలియకుండా కళ్ళు మూసుకుని కూర్చోవడం నా స్వభావానికి సరిపడదు, అలాగని ఇన్ని చూస్తూ చికిత్స పూర్తి చేసుకోగలననీ అనిపించడం లేదు. ఈ దారిలో నడిచినవారు ఎలా తట్టుకున్నారో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ఓరుగల్లు పిల్ల (హనుమకొండ)

గోదావరి గట్టు గారికి, నాకు చికిత్స పూర్తయి కొన్నేళ్ళు గడిచాయి. మీరు రాసిన భయం నాకు బాగా తెలుసు. కీమో ఎక్కించే డే కేర్ వార్డులో గోడకు ఒక టీవీ ఉండేది. ఒకరోజు మేమంతా చేతులకు సెలైన్ పెట్టించుకుని కూర్చుని ఉండగా, క్యాన్సర్‌తో మరణించిన ఒక నటి గురించిన కథనం మొదలైంది. నలుపు తెలుపు ఫోటో, విషాద సంగీతం, ఆమె పాత సినిమాలోని ఏడుపు దృశ్యం మళ్ళీ మళ్ళీ. వార్డులో అప్పటిదాకా వినిపిస్తున్న మాటలు ఆగిపోయాయి. ఎవరమూ తల తిప్పలేదు. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం "ఓ సిస్టరమ్మా, ఆ డబ్బా జర బందు చెయ్యి బిడ్డా, మా సూదులు మమ్మల్ని వేసుకోనియ్యి" అన్నది. సిస్టర్ ఆపేసింది. ఆపమని అడిగే హక్కు మనకు ఉన్నదన్న సంగతి అప్పటివరకు మాలో ఎవరికీ తట్టలేదు.

నేను ఇంట్లో చేసినదీ అదే. వార్తలను పూర్తిగా మానలేదు కానీ, అవి నా దగ్గరకు వచ్చే దారిని మార్చాను. మా తమ్ముడికి ఆ బాధ్యత అప్పగించాను. బంధువులు ఎవరు ఏమి పంపినా వాడికి పంపాలి, అందులో డాక్టరును అడగదగినది ఏదైనా ఉంటే వాడు ఒక నోటు పుస్తకంలో రాయాలి, తర్వాతి అపాయింట్‌మెంటులో నేను ఆ పుస్తకం తెరిచి అడగాలి. చిత్రమేమిటంటే, రాత్రి పదకొండింటికి గుండె దడ పుట్టించిన వార్త పుస్తకంలో ప్రశ్నగా మారేసరికి చాలాసార్లు ఒక్క వాక్యానికి మించేది కాదు, ఆ వాక్యానికి డాక్టరు గారు అరనిమిషంలో జవాబు చెప్పేవారు.

ఫోను విషయంలో కొంచెం శ్రమపడాలి. యూట్యూబ్‌లో మీరు భయంతో ఒక వీడియో చివరిదాకా చూస్తే, మీకు అది నచ్చిందనే అది లెక్క వేసుకుని అటువంటివే మరిన్ని తెచ్చి పెడుతుంది. అందువల్ల చూసిన వీడియోల చరిత్రను చెరిపివేసి, చరిత్ర నమోదును కొంతకాలం ఆపివేయండి. అయినా కనిపించే వీడియో పక్కనున్న మూడు చుక్కలను నొక్కితే ఆ ఛానల్‌ను ఇక చూపించవద్దని చెప్పే వీలుంటుంది. వాట్సాప్ సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉండి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినదని కనిపిస్తే దానిని తెరవకండి. పంపినవారికి కూడా అది ఎక్కడ పుట్టిందో తెలియదు. మీ తోటికోడలిది చెడు ఉద్దేశం అయి ఉండదు. ఏం మాట్లాడాలో తెలియనివారే ఎక్కువగా వీడియోలు పంపుతారు. ఆమెకు వేరే పని చెప్పండి, కీమో రోజున మీ అమ్మాయికి క్యారియర్ పంపమని అడగండి, సంతోషంగా పంపుతుంది.

జవాబు 2: పాత ఉపసంపాదకుడు (విజయవాడ)

నేను చాలాకాలం ఒక దినపత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేసి ఆరోగ్యం పేజీ చూశాను. అటువంటి శీర్షికలు ఎలా తయారవుతాయో లోపలి నుంచి తెలిసినవాడిగా రెండు మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, "ఇద్దరిలో ఒకరు" అన్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించారు. డెస్క్‌లో కూర్చున్నవాడు రెండవ అంకెను మొదటిదానితో భాగిస్తాడు, శీర్షిక సిద్ధమవుతుంది. ఆ ఏడాది మరణించినవారు ఆ ఏడాది వ్యాధి బయటపడినవారు కారు. వారిలో అత్యధికులకు అంతకుముందు వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు దశలలో వ్యాధి తెలిసింది, చాలామంది బాగా ముదిరిన తర్వాతనే ఆసుపత్రికి చేరారు. దేశం మొత్తం మీద గుర్తింపు ఎంత ఆలస్యంగా జరుగుతున్నదో ప్రభుత్వానికి చెప్పడానికి ఆ నిష్పత్తి పనికివస్తుంది గానీ, ఈ రోజు చికిత్స మొదలుపెట్టిన ఒక మనిషి రేపటి గురించి అది ఏమీ చెప్పదు.

అది తెలియాలంటే వ్యాధి బయటపడినవారిని ఏళ్ళ తరబడి వెంబడించి చూడాలి. మన దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలలో 2012, 2015 మధ్య నమోదైన మహిళలను ఆ విధంగా పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. ఐదేళ్ళ తర్వాత నూటికి సుమారు 66 మంది జీవించి ఉన్నారు. వ్యాధి రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు గుర్తించినవారిలో నూటికి 81 మంది, దూరపు అవయవాలకు పాకిన తర్వాత గుర్తించినవారిలో నూటికి 18 మంది. అంత దూరంగా ఉన్న 81నీ 18నీ ఒకే శీర్షికలో కలిపేస్తే చదివేవారికి దక్కేది భయమే. పైగా ఇవి పదేళ్ళ క్రితం మొదలైన చికిత్సల ఫలితాలు.

రెండవది, శాతాల గారడీ. ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ 2002 జులైలో వచ్చింది. ముట్లుడిగిన స్త్రీలకు ఇచ్చే రెండు హార్మోన్ల మాత్రల మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందని తేలింది. ప్రపంచమంతటా పత్రికలు ఆ 26నే పతాక శీర్షిక చేశాయి. అదే అధ్యయనంలోని అసలు సంఖ్యలు చూస్తే, ఏడాదిలో పదివేల మందికి 30 కేసులు ఉండవలసిన చోట 38 కేసులు వచ్చాయి. 26 శాతం అబద్ధం కాదు, పదివేలలో ఎనిమిది కూడా నిజమే. మొదటిది పత్రికను అమ్మిపెడుతుంది. "శాతం పెరిగింది" అన్న వార్త కనిపించినప్పుడల్లా ఎంత నుంచి ఎంతకు పెరిగిందో అందులో రాశారా అని చూడండి. రాయకపోతే చదవడం అక్కడితో ఆపేయవచ్చు.

ఏడేళ్ళ తర్వాత తిరగబెట్టిందని మీరు చదివినది బహుశా హిందీ సినీ దర్శకురాలు తాహిరా కశ్యప్ గారి గురించి కావచ్చు. 2018లో తొలిసారి చికిత్స పొందిన ఆమె, వ్యాధి మళ్ళీ వచ్చిందని 2025 ఏప్రిల్‌లో స్వయంగా ప్రకటించారు. క్రమం తప్పని పరీక్షలు చేయించుకోవాలన్నది ఆ ప్రకటనలో ఆమె నొక్కి చెప్పిన అంశం. భయపెట్టే శీర్షికలో దానికి చోటు దొరకదు. ఇక, నటి గౌతమి గారికి 35 ఏళ్ళ వయస్సులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రెండు దశాబ్దాలు దాటిన తర్వాత కూడా ఆమె చురుకుగా ఉన్నారు, క్యాన్సర్ బాధితుల కోసం ఒక సంస్థను నడుపుతున్నారు. ఆమె ఈ సంవత్సరం కూడా ఆరోగ్యంగా ఉన్నారని ఏ పత్రికా మొదటి పేజీలో వేయదు, ఎందుకంటే అది వార్త కాదు. బాగుపడినవారు ఉద్యోగాలకు, వంటింటికి, మనవల పుట్టినరోజులకు తిరిగి వెళ్ళిపోయి వార్తలలో నుంచి మాయమవుతారు.

మూడవది, అద్భుతాల వార్తలు. భయపెట్టే కథనమూ, వంటింటి చిట్కాతో నయమైందనే కథనమూ ఒకే డెస్క్‌లో తయారవుతాయి. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగవ దశ క్యాన్సర్ నుంచి బయటపడడంలో వేపాకు, పసుపు, నిమ్మకాయ నీళ్ళు, చక్కెర మానడం వంటివి ఎంతో తోడ్పడ్డాయని చెప్పినప్పుడు దేశమంతా ఆ వీడియో తిరిగింది. ఆమెకు ఆపరేషన్, కీమోథెరపీ కూడా జరిగాయన్న భాగం దానితో సమానంగా తిరగలేదు. ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రికి చెందిన, అక్కడ పనిచేసి వెళ్ళిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, ఆ మాటలను సమర్థించే గట్టి ఆధారాలు లేవనీ, వాటిని నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దనీ ఉమ్మడి ప్రకటన చేయవలసి వచ్చింది. ఇటువంటి వీడియో చూసినవారు భయపడరు గానీ, కాఫీలో చెంచా పంచదార వేసుకున్నందుకు కూడా తప్పు చేసినట్లు కుమిలిపోతారు. నా దృష్టిలో అది భయం కంటే హానికరం.

జవాబు 3: వార్డు సిస్టర్ (విశాఖపట్నం)

నేను క్యాన్సర్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మీ మనస్సును ఎక్కువగా తొలుస్తున్నది ఆ "గ్రేడ్ 3" అని నాకు అనిపిస్తున్నది కనుక ముందుగా దాని గురించే చెబుతాను.

గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. బయాప్సీలో తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ కణాలు మామూలు రొమ్ము కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయి, ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి అని చూసి 1 నుంచి 3 వరకు ఇచ్చే అంకె గ్రేడ్. గడ్డ ఎంత పరిమాణంలో ఉన్నది, చంకలోని గ్రంథులకు చేరిందా, ఇతర అవయవాలకు వెళ్ళిందా అన్నదానిని బట్టి 0 నుంచి 4 వరకు నిర్ణయించేది స్టేజ్, అంటే దశ. గ్రేడ్ 3 ఉన్నవారికి రెండవ దశ ఉండడం మేము తరచుగా చూసేదే. డాక్టరు గారు మీకు చెప్పిన మాటకూ, మీ రిపోర్టులో ఉన్న మాటకూ మధ్య వైరుధ్యం ఏమీ లేదు. గ్రేడ్ 3 కణాలు త్వరగా విభజన చెందుతాయి కనుక కీమో మందులకు తరచుగా బాగా స్పందిస్తాయన్న సంగతి కూడా టీవీలో చెప్పి ఉండరు.

అదే రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పేర్లు ఉంటాయి (మొదటి రెండూ కణాల మీద హార్మోన్లను అందుకునే గ్రాహకాలు, మూడవది కణాల పెరుగుదలను వేగవంతం చేసే ప్రోటీన్), వాటి ఎదురుగా పాజిటివ్ అనో నెగెటివ్ అనో రాసి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ అనే ఒకే పేరు కింద ఉన్న వేర్వేరు జబ్బులను ఆ మూడు మాటలు విడదీస్తాయి. ఈఆర్ పాజిటివ్ అయితే ఏళ్ళ తరబడి మాత్ర వేసుకునే హార్మోన్ చికిత్స ఉన్నది. టామాక్సిఫెన్ అనే ఆ మాత్రను ఐదేళ్ళు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. హెర్-2 పాజిటివ్ ఒకప్పుడు మొండి రకం. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అనుమతి లభించిన తర్వాత ఆ కథ మారింది, ఇప్పుడు మన దేశంలోనే తయారైన అదే తరహా మందులు దొరుకుతున్నాయి. మీకు తెలిసినవారి అత్తగారికో, సినిమా నటికో జరిగినది విన్నప్పుడు ఆమెది ఏ రకం, ఏ దశ, ఏ సంవత్సరం, చికిత్స పూర్తి చేసుకున్నదా అని అడిగి చూడండి. చెబుతున్నవారికి వాటిలో ఒక్కటీ తెలియదని తేలుతుంది.

సూది పరీక్ష వల్ల వ్యాధి ఒళ్ళంతా పాకుతుందనడానికి ఆధారం లేదు. ఆ పరీక్ష చేయకపోతే పైన చెప్పిన మూడు సంగతులూ తెలియవు, సరైన మందు ఎంచుకోవడం సాధ్యం కాదు. ఈ ఒక్క అపోహ కారణంగా నెలల తరబడి ఆకు పసర్లు కట్టుకుని, గడ్డ పగిలిన తర్వాత వచ్చినవారిని మేము ఇప్పటికీ చూస్తున్నాము. అటువంటి వీడియోల మీద నాకు కోపం రావడానికి కారణం అది.

నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. వరుసగా రాత్రులు నిద్ర లేకపోయినా, భోజనం సహించకపోయినా, చికిత్స మానేయాలనిపించినా మీ క్యాన్సర్ డాక్టరుకే ఆ సంగతి చెప్పండి. అందుకు కూడా మందులు, సలహాదారులు ఉన్నారు. వేళ కాని వేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

జవాబు 4: శ్రీకాకుళం వాసి (ప్రస్తుతం డల్లాస్)

వరండాలో కూర్చుని ఫోను చూసే భర్తల తరఫున ఒక మాట చెప్పాలి. నా భార్యకు చికిత్స జరిగినప్పుడు నేనూ అదే చేశాను, ఆమె ముందు నవ్వుతూ, తలుపు వేసుకుని వెతుకుతూ. ఆమెకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. నేను దాచేది ఎంత ఘోరమైనదో అని ఊహించుకుని ఇంకా ఎక్కువ భయపడ్డానని తర్వాత చెప్పింది. అందువల్ల ఓరుగల్లు పిల్ల గారు చెప్పిన ఏర్పాటు మంచిదే అయినా, దానిలో చిన్న సవరణ కావాలి. వడపోసే మనిషి ఏమి పక్కన పెట్టాడో అడిగిన రోజున దాచకుండా చెప్పాలి. మీ వారికి కూడా ఆ నోటు పుస్తకంలో కొన్ని పేజీలు ఇవ్వండి. ఆయన భయాలు కూడా డాక్టరు గారి బల్ల మీదికి రావలసినవే.

ప్రశ్న అడిగినవారి స్పందన: గోదావరి గట్టు

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. సిస్టర్ గారి జవాబు చదివి రిపోర్టు బయటకు తీసి చూశాను. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ అని ఉన్నది. ఇన్నాళ్ళూ ఆ వరుసను దాటి గ్రేడ్ దగ్గరే నా చూపు ఆగిపోయేది. మా కుటుంబ గ్రూపులో ఈ ఉదయం ఈ విధంగా రాశాను: "నా ఆరోగ్యం గురించి మీరు పడుతున్న ఆరాటానికి ధన్యవాదాలు. క్యాన్సర్‌కు సంబంధించిన వీడియోలు, వార్తలు నాకు పంపవద్దు, మా వారికి పంపండి. నాకు మాత్రం మీ ఇంటి కబుర్లు, పిల్లల ఫోటోలు పంపండి." మా తోటికోడలు వెంటనే ఫోను చేసి బాధపడింది, ఆ తర్వాత ఆదివారం కూర ఏం పంపమంటావని అడిగింది.

అమ్మాయి విషయం ఒకటి మిగిలింది. నటి హంసానందిని గారి గురించి ఒక రీల్ చూసి, అమ్మకు వస్తే కూతురికి తప్పకుండా వస్తుందా అని నిన్న అడిగింది. తనకు ఇప్పుడే రక్తపరీక్ష చేయించాలా?

జవాబు 5: వార్డు సిస్టర్

ఇప్పుడు అమ్మాయికి ఏ పరీక్షా అవసరం లేదమ్మా. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది వరకు మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన జన్యు లోపం వల్ల వస్తాయి. హంసానందిని గారి తల్లి కూడా అదే వ్యాధితో మరణించారు, పరీక్షలో ఆమెకు బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం ఉన్నట్లు తేలింది, ఆ సంగతులను 2021 డిసెంబరులో ఆమే వెల్లడించారు. చికిత్స పూర్తి చేసుకుని మరుసటి సంవత్సరం షూటింగులకు తిరిగి వెళ్ళారు కూడా, రీల్‌లో ఆ భాగం ఉన్నదో లేదో అమ్మాయిని అడగండి.

జన్యు పరీక్ష మొదట చేయవలసింది వ్యాధి ఉన్నవారికి, అంటే మీకు. మీ వయస్సును, పుట్టింటి వైపు ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా అన్నదానిని బట్టి ఆ పరీక్ష మీకు అవసరమో కాదో డాక్టరు గారు చెబుతారు. మీ నాన్నగారి వైపు వారిని కూడా మరచిపోకుండా కనుక్కోండి, చాలామంది తల్లి వైపు మాత్రమే చెబుతారు. మీలో లోపం కనిపిస్తే అది అమ్మాయికి వచ్చే అవకాశం సగానికి సగం. అప్పుడైనా తనకు పద్దెనిమిదేళ్ళు నిండిన తర్వాత, కౌన్సెలింగ్ తీసుకుని తానే నిర్ణయించుకోవచ్చు. ఒకవేళ ఉన్నదని తేలినా ఎంఆర్ఐ వంటి పరీక్షలు సాధారణంగా 25 ఏళ్ళ ప్రాంతంలో మొదలవుతాయి. తర్వాతి అపాయింట్‌మెంటుకు వీలైతే అమ్మాయిని కూడా వెంట తీసుకుని వెళ్ళండి, ఆ ప్రశ్నను తననే అడగనివ్వండి.